కోళ్లగూటి మీది విమానం రెక్క

మా మేనకోడలు ఇంగ్లండులో ఒక జిల్లా ఆసుపత్రిలో నర్సు. పోయిన వేసవిలో నన్ను అక్కడికి పిలిపించుకొని, సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక మ్యూజియానికి తీసుకుపోయింది. రాజుల నగలూ సింహాసనాలూ చూపిస్తుందనుకున్నాను. ఆ జిల్లాలో ప్రతి చిన్న ఊరికీ ఒక మ్యూజియం, అందులో ఉండేవి ఆ ఊరివాళ్ల పాత చెప్పులూ, పాల క్యాన్లూ, బడిగంటా. వీటికోసం ఇంత దూరం రావాలా అని నాలో నేను నవ్వుకున్నాను. నాలుగోదో ఐదోదో విమానాల మ్యూజియం. యుద్ధకాలపు రేకుల షెడ్డు, లోపల నూనె వాసన. ఒక మూల వంకర తిరిగిన రెక్క ముక్క, దాని పక్కన ఒక అట్టముక్క. మేనకోడలు చదివి చెప్పింది. ఫలానా రైతు దుంపల చేను దున్నుతుంటే దొరికిందట, ఆయనే ఇచ్చాడట. రైతు పేరుంది, చేను పేరు కూడా ఉంది. నా నవ్వు ఆగిపోయింది.

మా మామ, అంటే అమ్మకు అన్న, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో కోర్పనా వైపు మా ఊరికి నిజాం కాలపు పట్వారీ. తెలుగూ ఉర్దూ ముత్యాల్లా రాసేవాడు. చావడిలో ఖాళీ గది ఒకటి పట్టుకొని, ఊళ్లో దొరికిన వింత సామానంతా అందులో చేర్చాడు. నాగలికి తగిలిన రాతిగొడ్డలి, గోండు పటేలు ఇచ్చిన ఇత్తడి కొమ్ముబూర, ఇంకా ఏవేవో. అన్నిటికంటే గొప్పది విమానం రెక్క ముక్క. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా పత్తి చేన్లలో ఒక విమానం కూలింది. నడిపేవాడు పెద్ద గొడుగు పట్టుకొని వాగవతల దిగాడని మావాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. సర్కారువాళ్లు వచ్చేలోపల ఊరంతా తలో రేకు ఇంటికి చేర్చుకుంది. మా వాడకట్టు ముసలవ్వ ఒక పెద్ద ముక్కను కోళ్లగూటికి కప్పుగా వేసుకుంది. వాన పడితే ఆ చప్పుడుకు కోళ్లు గుడ్లు మానేశాయని ఆమె తిడుతుంటే, మామ వెదురు తడక అల్లించి ఇచ్చి ఆ రేకు తెచ్చుకున్నాడు. ప్రతి వస్తువుకూ ఒక చీటీ రాసి నూలు దారంతో కట్టేవాడు. అదేమిటో, ఎవరి చేన్లో దొరికిందో, ఎవరిచ్చారో. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ చీటీల మీదే. చదువురాని జనం వచ్చి తమ పేరు చదివించుకొని, తల ఊపి వెళ్లేవారు. ముసలవ్వయితే ప్రతి అంగడి రోజూ వచ్చి వినిపోయేది.

తర్వాత రాష్ట్రాల హద్దులు మార్చారు. ఊరు కదలకుండానే మేం ఆదిలాబాద్ జిల్లా నుంచి తెగి అవతలి మరాఠీ రాష్ట్రంలో పడ్డాం. కచేరీ కాగితాలన్నీ మరాఠీ అయ్యాయి. రెండు లిపులు వచ్చిన మామ చదువురానివాళ్లలో కలిశాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. అవతలి చాందా పట్నంలో చుట్టాలింట ఉండి మరాఠీ చదివినందుకు కచేరీలో టెంపరరీ గుమాస్తా పని దొరికింది. కచేరీ కాగితాల దఫ్తర్లు పెట్టుకోవడానికి చావడి గది కావాలి, అందులో ఏమేం ఉన్నాయో, ఉంచాలో తీసేయాలో రాసి, మామ సంతకం తెమ్మని నన్నే పంపారు. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఒక్కొక్కటీ రాసి ఉంచాలని పెడితే, ఎవరి హుకుంతో పోగేశారని అడుగుతారు, అడిగేది నన్నే. పైగా తోటి గుమాస్తాలు మామ గదిని తలచుకొని నవ్వేవాళ్లు. నాకు నామోషీ. ఉద్యోగం పక్కా కావాలి. అందుకని మరాఠీలో ఒక్క వరసే రాశాను. పనికిరాని పాత తుక్కు, తీసేయవచ్చు.

మామ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం రాసినవ్ రా అల్లుడా?"

"సామాన్ల గురించి రాసిన మామా."

"అన్ని రాసినవా? గింతే ఉంది."

"మరాఠీల గట్లనే ఉంటది."

ఆ జవాబుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మామ కళ్లజోడు తుడుచుకొని కింద ఉర్దూలో సంతకం చేశాడు.

పది రోజులకు బండి వచ్చింది. కూలీలు దారాలు తెంపి, చీటీలు కింద పారేసి, సామాను బండిలోకి విసిరారు. ముసలవ్వ అడ్డం వచ్చి, ఆ రేకు మీద తన పేరుందని చెప్పింది. ఆ చీటీ అప్పటికే ఎవరి కాలి కిందో నలుగుతోంది. బండివాడి దగ్గర నేను రాసిన కాగితం నకలు ఉంటే, మామ మరాఠీ వచ్చిన కిరాణా దుకాణం సేటుతో చదివించుకున్నాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"నాకు సదువ రాదని ఎర్కుండి గూడ నా చేతికి కలమిచ్చినవ్ గదరా."

అంతే అన్నాడు. తర్వాత పద్దెనిమిదేళ్లు బతికాడు. నాతో మాట్లాడాడు, నా పెళ్లి దగ్గరుండి చేశాడు. కానీ ఒక్క కాగితం నాతో చదివించుకోలేదు. ఏ నోటీసొచ్చినా, పక్కింట్లో నేనున్నా, కర్ర పట్టుకొని కిరాణా దుకాణం దాకా నడిచేవాడు. నా ఉద్యోగం పక్కా అయింది, దాని పెన్షనే ఇప్పటికీ తింటున్నాను.

ఆ విమానాల షెడ్డులో బయటికి వచ్చేచోట, చూసినవాళ్లు నాలుగు మాటలు రాసే పుస్తకం ఉంది. "మామా, తెలుగుల రాయి, మస్త్ ఉంటది," అంది మేనకోడలు. తను మరాఠీ బడిలో చదివింది, తెలుగు చదవలేదు. నేను నా పేరు రాయలేదు. విమానం రెక్క ముక్క, ఫలానా పత్తి చేన్లో దొరికింది, ఫలానా అవ్వ ఇచ్చింది అని పేర్లతో సహా రాసి, కింద మామ పేరు పెట్టాను. అక్కడ కాపలా కూర్చున్న ముసలాయన ఏం రాశానని అడిగాడు. మేనకోడలు నా వైపు చూసింది. నేనేం చెబితే అది నమ్మడానికి ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. ఈసారి రాసింది రాసినట్టే చదివాను, యాభై ఏళ్లు ఆలస్యంగా.