స్లో పెంచిన పల్లంరాజు

నరసాపురంలో పల్లంరాజుకు తెలియని సంగతంటూ లేదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు, పాపం, ఇంకెవరికీ తీరిక లేక. చేపల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు. పాత పికప్ బండి ఒకటి కొన్న నాటి నుంచి ఇంజనీరింగ్ విద్య కూడా అబ్బేసింది. డ్రైవరు సీట్లో కూర్చుంటే చాలు, చెయ్యి మీసం మీదికి వెళ్లిపోయేది.

ఆ బండిలో స్పీడు మీటరు పక్కన ఇంకో మీటరుంది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో వేలల్లో చూపిస్తుంది. బండి నిలబడి ఇంజను ఆడుతున్నప్పుడు దాని సూది ఒకటికి కాస్త కింద నిలకడగా ఉండాలి. మరీ కిందికి జారితే ఇంజను వణికి ఆగిపోతుంది. పక్క సీట్లో కూర్చునే ఆయన భార్య సత్యకుమారి ఈ సంగతి చూసి చూసి పట్టేసింది. పల్లంరాజు మాత్రం అది డీజిల్ తాగుడు చూపించే మీటరని తేల్చేశాడు. సూది ఎంత కిందుంటే అంత పొదుపట!

తెల్లారేసరికి ఐసులో సర్దిన పండుగప్పలూ రొయ్యలూ గోదావరి దాటాలి. బళ్లనీ మనుషులనీ అవతలి ఒడ్డుకు చేర్చే మొదటి పంటు అందుకుంటేనే సత్యకుమారికి రాజోలు మార్కెట్లో బేరం. రెండో పంటులో వెళ్తే ఆవిడ ఖాతాదారులు ఇంకొకరి దగ్గర సంచి నింపుకుని ఇంటికెళ్లిపోయి ఉంటారు. అలాంటిది, ఈమధ్య బండి సరిగ్గా పంటు ఎక్కే ఇనప పలక మీదే ఆగిపోవడం మొదలెట్టింది.

పంటు నడిపే గణేష్‌బాబు సత్యకుమారికి పిన్ని కొడుకు. ఓపిక పట్టి పట్టి ఓ రోజు తెగేసి చెప్పాడు.

"బావా, ఇంకొక్కసారి నీ బండి పలక మీద చచ్చిందా, నా పంటు ఎక్కనివ్వను. వెనకాల అంబులెన్సు ఉంటే దానికేం చెప్పమంటావు?"

పల్లంరాజు నవ్వేసి, మెకానిక్ ఎజ్రాకి ఫోన్ కొట్టాడు. ఎజ్రా జంగారెడ్డిగూడెంలో చుట్టాల పెళ్లిలో ఉన్నాడు.

"స్లో కొంచెం పెంచాలండి. డీజిల్ పంపు పక్కన స్క్రూ ఉంటుంది చూడండి. సూది చూసుకుంటా..."

"నాకు చెప్తావేంట్రా! స్లో పెంచాలి, అంతేగా?" అని పల్లంరాజు ఫోన్ కట్ చేశాడు.

మన మెకానిక్ షెడ్లలో స్లో అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఆడే వేగం. అది పెంచమంటే ఇంజను చురుగ్గా ఆడేలా చెయ్యమని. పల్లంరాజు గారికి ఇంగ్లీషు వచ్చు కదా, ఆయనకు ఇంకోలా అర్థమైంది. స్లో పెంచడమంటే ఇంకా నెమ్మది చెయ్యడం! స్క్రూ వెనక్కి తిప్పాడు. సూది దిగింది. ఇంజను మూలిగింది. ఆయన మురిసిపోయాడు.

"ఏమయ్యా, సూది మరీ కిందికి పోయింది. బండి చలిజ్వరమొచ్చినట్టు వణుకుతోంది," అంది సత్యకుమారి.

"నువ్వు చేపలు చూసుకో. మెషిన్ సంగతి నీకెందుకు?"

మర్నాడు పొద్దున్న బండి రేవులోకి దిగింది. ముందు చక్రాలు పలక ఎక్కాయి. పల్లంరాజు యాక్సిలరేటర్ మీద కాలు తీసి గణేష్‌బాబు వైపు దర్జాగా చెయ్యి ఊపాడు. సూది ధడాలున పడిపోయింది, ఇంజనూ ఆగిపోయింది. ఎంత తిప్పినా తాళం తిరిగిందే గాని ఇంజను పలకలేదు. మోటారు సైకిళ్లవాళ్లు, పాల క్యాన్లవాళ్లు తలా ఒక మాటా అని, తలా ఒక చెయ్యీ వేసి బండిని వెనక్కి నెట్టేశారు. పంటు వెళ్లిపోయింది. అవతలి ఒడ్డు వైపు చూస్తుంటే సత్యకుమారికి ఏడుపొచ్చింది. చేపలన్నీ రేవులోనే, అడిగినవాడికి అడిగిన ధరకు ఇచ్చేసింది.

ఆ సాయంత్రమే ఎజ్రా వచ్చి బానెట్ ఎత్తాడు.

"స్లో పెంచమన్నాను కదండీ!"

"పెంచానుగా! ఇంకెంత స్లో కావాలి నీకు?"

సత్యకుమారి నవ్వలేక, ఏడవలేక అరుగు మీద కూలబడింది. ఎజ్రా స్క్రూ ముందుకు తిప్పాడు. సూది ఒకటికి కాస్త కింద బుద్ధిగా నిలబడింది.

బండి బాగుపడింది గాని గణేష్‌బాబు మెత్తబడలేదు. సత్యకుమారి వెళ్లి బతిమాలితే ఒకటే మాట అన్నాడు.

"నీకూ లైసెన్సుంది కదక్కా. నువ్వు తోలితే ఎక్కించుకుంటాను. బావ తోలితే మాత్రం లేదు."

అవును, ఉంది. ఇద్దరూ ఒకేసారి తీసుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ సందు దాటి ఆవిడ చేతికి స్టీరింగ్ ఇచ్చిన పాపాన పోలేదు పల్లంరాజు. గణేష్‌బాబు అన్న మాట విని ఆయన మనసు చివుక్కుమంది. రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు. పొద్దున్నే తాళాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

సత్యకుమారి పలక ముందు ఒక్క క్షణం ఆగి, సూది చూసి, సన్నగా యాక్సిలరేటర్ తొక్కి బండి ఎక్కించేసింది. పక్క సీట్లో పల్లంరాజు రెండు కాళ్లతోనూ నేలను తొక్కుతున్నాడు, పాపం, అక్కడ బ్రేకూ లేదు, క్లచ్చూ లేదు. పంటు కదిలాక ఎజ్రా ఫోన్ చేశాడు.

"బండెలా ఉందండీ? స్లో సరిగ్గా ఉందా?"

"బండి బంగారంలా ఉంది బాబూ," అంది సత్యకుమారి. "స్లో అంటావా, పక్క సీట్లో కూర్చుంది."