వేలికి పెట్టుకున్న జిక్ర్ కౌంటర్

రోజూ అల్లాను తలుచుకోవడం అలవాటు కావాలని, పోయిన నెల జిక్ర్ లెక్కపెట్టే చిన్న కౌంటర్ కొని వేలికి పెట్టుకున్నాను. ఈ రోజు పొద్దున కృష్ణపట్నం వెళ్లే కంపెనీ బస్సులో "సుబ్‌హానల్లాహ్" అంటూ నొక్కుతూ ఉన్నాను. లారీలు అడ్డం పడి బస్సు ఆగిపోయింది. షిఫ్టుకు ఆలస్యమైతే సూపర్‌వైజర్ ఊరుకోడని ఒకటే గింజుకున్నాను. వేలు మాత్రం ఆగలేదు.

పక్క సీటులోని ప్రసాదన్న నా వైపు వంగాడు.

"ఏంది రఫీ, మీ ప్రార్థనలో మన సూపర్‌వైజర్ పేరు కూడా వస్తాదా?"

"అదేందన్నా, అట్టంటావు?"

"మరి ఇందాకట్నించి ఆయన్ని తిడతా, టిక్కుటిక్కుమని నొక్కతా ఉండావే!"

నాకు తెలియనే లేదు. చటుక్కున సున్నా చేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఇంటికొచ్చినా మనసు కుదురుగా లేదు. మీరే చెప్పండి, ప్రసాదన్న పక్కన లేని రోజుల్లో ఇది ఎవరి పేరు మీద నొక్కి ఉంటాను?