మఫ్టీ సారు ఆడిన గూఢచారి ఆట

మొన్న ఆదివారం మా మనవడు టీవీ ముందు బైఠాయించి, ఏదో గూఢచారి ఆట ఆడుతూ, "తాతా, జర పక్కకు జరుగు, నా స్పై కనిపిస్తలేడు" అన్నాడు. కనిపించకపోవడమే కదరా వాడి ఉద్యోగం అన్నాను గానీ వాడికి నవ్వు రాలేదు. రేపోమాపో కళ్లద్దాలు తగిలించుకుంటే చాలట, మనమే ఆటలోకి దూరి, నిజం మనుషుల్లా మాట్లాడే బొమ్మల నోటి నుంచి రహస్యాలు లాగవచ్చట. అదేదో లోకకల్యాణమైనట్టు వాడు చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఆటలు తయారుచేసే మహానుభావులను ఆ రోజుల్లో ఒక్క సాయంత్రం మా ఊరి మట్టెవాడలో కూర్చోబెట్టి ఉంటే, ఇంకే బంతాటో కనిపెట్టుకుని బతికేవాళ్లు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల్లో వీడియో గేముల దుకాణాలు మన ఊళ్లోనూ దిగాయి. ఎనిమిదో తరగతిలో లెక్కలూ నేనూ ఒకరంటే ఒకరికి పడక విడిపోయాక, అక్కడా ఇక్కడా పనిచేసి, మీసాలు దట్టమయ్యే నాటికి మా చిన్నాయన మట్టెవాడలో పెట్టిన అలాంటి దుకాణంలోనే కుదురుకున్నాను. బీరువాలంత మిషన్లలో ఒకదాంట్లో టోపీ పెట్టుకున్న గూఢచారి గోడలు దూకి కాగితాలు ఎత్తుకొస్తుంటాడు, చచ్చినా ఫికర్ లేదు, ఇంకో బిళ్ల వేస్తే లేచి కూర్చుంటాడు. ఎదురుగా టీ కొట్టు. అదే ఊళ్లోని కాశిబుగ్గలో మగ్గం నేసే మా మేనమామ కొడుకు పొద్దుగూకే వేళకు తోటి నేతగాళ్లతో అక్కడికి వచ్చేవాడు. వయసులో నాకంటే చిన్నవాడే అయినా, ఏ పిల్ల నచ్చిందో, ఏ సేటు మీద మండుతున్నదో, వాడి కడుపులో మాట అందరికంటే ముందు చేరేది నా చెవికే.

ఆ దుకాణానికి ఒక మఫ్టీ పోలీసాయన అలవాటుపడ్డాడు. పైన పూల చొక్కా, కింద డిపార్టుమెంటు వాళ్లిచ్చిన ఎర్రబూట్లు. ఆయన పోలీసని అందరికీ తెలిసిపోయిందన్న సంగతి తెలియనిది ఊరు మొత్తంలో ఆయనకొక్కడికే. పోనీ తెరమీద గూఢచారినైనా సరిగ్గా నడిపేవాడా అంటే, మొదటి గోడకే చంపేసి, "గిట్లెట్ల సచ్చిండు తమ్మీ మల్ల?" అని నా మొహం చూసేవాడు.

"బూట్లిప్పి ఆడుండ్రి సార్, మిషన్ లోపలోళ్లు గూడ గుర్తువడ్తాండ్లు" అనేవాణ్ని.

టీ కొట్టు టీ కొట్టంతా ఘొల్లుమనేది. ఆయనా నవ్వేసి, చాయ్ వన్ బై టూ చెప్పి సగం నాకు పోసేవాడు. నాకున్న ఆస్తి నోరొక్కటే కదా, జనం నవ్వుతున్నారంటే అంతకంటే ఏం కావాలని రోజుకో మాట అంటించేవాణ్ని.

కానీ అవి ఎలాంటి రోజులో మీకు చెప్పనక్కరలేదు. అడవుల్లో అన్నలు, బజార్లలో మఫ్టీవాళ్లు, నడుమ మనం. ఇన్ఫార్మరు అన్న మాట ఎవడి మీద పడితే వాడి గుమ్మం ముందు చుట్టాల చెప్పులు కూడా కనిపించేవి కావు. మెల్లగా ఆ మాట నా మీద పడింది, అదీ ఆయనకు ఎదురుపడి సలాం కొట్టినందుకు కాదు, కొట్టనందుకు! పోలీసును అంత ధైర్యంగా ఆటపట్టిస్తున్నాడంటే, వాడు వాళ్ల మనిషే అయ్యుండాలని నేతగాళ్లు లెక్కగట్టారు. భయపడి ఉంటే నన్ను నమ్మేవాళ్లు.

ఒక సాయంత్రం నేను టీ కొట్టు బల్ల మీద కూర్చోగానే, అప్పటిదాకా కూలిరేట్ల గురించి గుసగుసలాడుతున్న వాళ్లంతా ఒక్కసారిగా ఆకాశం వంక చూశారు. మా మేనమామ కొడుకే అందుకుని, "వానలు లేటయితానయి గదా బావా" అన్నాడు. అంతవరకూ వాడు నాతో వాన గురించి మాట్లాడి ఎరగడు.

ఆ వారంలోనే చిన్నాయన దుకాణానికి రావద్దన్నాడు. మా అమ్మ, "నీ నోరు బంద్ కాదు గని, నువ్వే పో కొడుకా" అని నా బట్టలు సంచిలో కుక్కి, డోర్నకల్‌లో మేనత్త ఇంటికి రైలెక్కించింది. రైల్వేలో కూలిపనులు చేసుకుంటూ అక్కడే ఏళ్లు గడిపాను. ఆ మఫ్టీ సారు ఏమయ్యాడో తెలియదు. నన్నొక్క రహస్యమైనా అడిగిన పాపాన పోలేదు ఆయన, ఆట గెలవాలన్నదే ఆయన గోల.

తిరిగొచ్చాక మా మేనమామ కొడుకు పెళ్లికి పిలిచాడు, పిల్లల పెళ్లిళ్లకూ పిలిచాడు, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించాడు. మాటలు మాత్రం ఎప్పుడూ వానలూ, బియ్యం ధరలే. కిందటేడు దవాఖానలో వాడు మంచాన పడి ఉన్నప్పుడు చూడబోయాను, ఎన్ని మాటలు అంటించినా వాడు నవ్వాడు, బాగానే నవ్వాడు. కాసేపటికి భార్యను వంగమని సైగ చేసి, ఆమె చెవిలో ఏదో చెప్పబోయి, ఆగి నా వైపు చూశాడు. నేను లేచి వెళ్లి వరండాలో నిలబడ్డాను.

ఇప్పుడు బస్సెక్కితే చాలు, పక్క సీటువాడు ఇంటి గుట్టంతా ఫోన్లో అరిచి చెబుతాడు, ఎవరి చెవులంటే ఎవరికీ భయం లేదు. మంచిదే, ఆ భయం మళ్లీ రావద్దు. కానీ వాళ్ల అరుపులన్నీ వింటూ కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, వాడు ఆ రోజు ఆమె చెవిలో ఏం చెప్పాడోనని మాత్రం అనిపిస్తూ ఉంటుంది.