అత్త పట్టుబట్టి తిప్పించిన బస్సు

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను బస్సులో టికెట్లు కొడుతున్నాను. కండక్టర్‌కి కూర్చుని ఏడ్చే తీరిక ఎక్కడిది? కొడుతూనే ఏడ్చాను. ముందు సీట్లో అవ్వ "ఎవరు పోయినారు బిడ్డా?" అంది. "మా ఊరికి బస్సు తెచ్చినామె" అన్నాను.

మా ఊరు ఉదయగిరి కొండ కనపడే దూరంలో, ఆత్మకూరు బస్సు అందని దూరంలో ఉండేది. సగం ఇళ్లకు సేద్యం, సగం ఇళ్లకు గొర్రెలు. రోడ్డు పడ్డాక చూసిపోవడానికి వచ్చిన డ్రైవరు, "బండి తిప్పుకునే చోటు చూపించండి, వస్తాం" అన్నాడు. ఆ చోటు ఊరి మొదట్లో పెద్దరైతు చేను మూల ఒక్కటే. ఆయన ఇవ్వనన్నాడు. అప్పుడే నా ఐదో తరగతి అయిపోయింది. "బస్సొస్తే ఆత్మకూరు హైస్కూలు, రాకపోతే గొర్రెలు" అని మా నాయన తేల్చేశాడు. గొర్రెల వెంట నడవడం అత్తకు ప్రాణమే గానీ, నన్ను నడిపించడం ఆమెకు ఇష్టం లేదు.

కోతలయ్యాక గొర్రెల మందను రాత్రిళ్లు చేలో పడుకోబెట్టడం మా వైపు పద్ధతి. నేలకు అంతకు మించిన ఎరువు లేదు. ఏటా అత్త మంద మొదట పెద్దరైతు చేలోనే దిగేది. ఆ ఏడు చేను దాటించి తోలుకుపోయింది. ఆయన గట్టు మీద నుంచి కేకేశాడు.

"ఏంది మే, మందను యాడికి తోలుకపోతుండావు?"

"ఆ మూల బస్సుకిచ్చిందాకా నా గొర్రె మీ చేలో పండుకోదన్నా."

"నీ మంద లేకపోతే నా చేను పండదా?"

"పండితే సంతోషమే. చూస్తాం గదా!"

మర్నాటి నుంచి ఊళ్లో మందలన్నీ ఆమె దారే పట్టాయి. ఆ ఏడాదంతా నేను గొర్రెల వెంటే తిరిగాను. ఏడుపు మొహం పెడితే అత్త, "ఏడు పోతే పోనీ, చదువును పోనియ్యను" అనేది.

మరుసటి పంటకు పక్క చేలో మినుము గుబురుగా లేచింది. పెద్దరైతు చేను వెలవెలబోయింది. ఆయనే మా దొడ్డి దగ్గరికి వచ్చాడు.

"మూల తీసుకోమ్మే. మందనెప్పుడు తోలతావు?"

"బస్సు తిరిగిన నాడు."

బస్సు వచ్చిన రోజు ఊరు ఊరంతా ఆ మూలనే ఉంది. అత్త కర్ర ఊపుతూ "రానీ, రానీ, ఇంకా రానీ" అని గొర్రెల్ని అదిలించినట్టే బస్సును అదిలించింది. అది తిరిగి ఆత్మకూరు వైపు మొహం పెట్టగానే ఈలలతో ఊరు దద్దరిల్లింది. మొదటి సీటు నాది. ఆ సాయంత్రమే అత్త మందను పెద్దరైతు చేలోకి తోలింది. ఆయన్ని ఇంకొన్నాళ్లు ఏడిపించాల్సిందని నాయన గొణిగితే, తన తమ్ముడేగా, గట్టిగా కసిరింది. "గెలిచినాక గూడా కొట్లాడతారంట్రా?"

తను మాత్రం ఎప్పుడూ బస్సెక్కలేదు. ఎక్కమంటే, "నా గొర్రెలన్నిటికీ టికెట్లు కొడతావా?" అని నవ్వేది.

మొన్న అత్తను మట్టి చేసి వచ్చేసరికి సాయంత్రం బస్సు ఊళ్లోకి వచ్చింది. తోలేవాళ్లు లేక అత్త గొర్రెలు ఆ మూలనే నిలబడి ఉన్నాయి. డ్రైవరు హారన్ కొట్టలేదు. ఇంజన్ ఆపేశాడు. పెద్దరైతు, ఇప్పుడు నడుం వంగిన ముసలాయన, అత్త కర్ర పట్టుకుని మెల్లగా నడిచి వచ్చాడు. "రాండమ్మా, రాండి" అంటూ వాటిని తన చేలోకి తోలుకున్నాడు. చివరి గొర్రె గట్టు దాటాక బస్సు తిరిగింది.