ముక్కు పైకెత్తిన విమానం

తిరువొత్తియూరు పక్కనున్న మనలిలో తిరిగే పెట్రోలు ట్యాంకర్లు కడుపులో నూనె మోస్తే, ఒంటి మీద మునిరాజు తాత అక్షరాలు మోసేవి. గుండ్రటి ట్యాంకు మీద రాయడమంటే గుమ్మడికాయ మీద ముగ్గు వేసినట్టు. నడుమ కాడ అక్షరాన్ని సాగదీయాలి, లేకుంటే కడుపునొప్పి వచ్చినవాడి మాదిరి వంగిపోతుంది. ఆ విద్యలో తాతను కొట్టేవాడు లేడు. ఆ మాట తాతే చెప్పేవాడు, అడగని వాళ్లకు కూడా.

పోయిన ఏడాది కంటి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి కుంచెలు అటక ఎక్కాయి. కొడుకు యువరాజ్ చూలై బజారులో స్టిక్కర్ల అంగడి పెట్టుకొని, "నువ్వు ఈడ ఫ్యాను కింద కూర్చోని స్టిక్కర్లు ఒలిచియ్యి నాయనా" అని పిలుస్తున్నాడు. అరటికాయ ఒలవమన్నట్టుందని తాత మూతి ముడిచేవాడు. కానీ లోపల భయం. చూపు నిజంగా తిరిగొచ్చిందా అని తనకే అనుమానం.

అట్లాంటి సమయంలో తిరువొత్తియూరు కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. ఆ కాలేజీ వాకిట్లో ఒక పాత యుద్ధవిమానాన్ని స్తంభం మీద నిలబెట్టి ఉంచారు. ఉప్పుగాలికి రంగంతా పెచ్చులూడింది. స్టిక్కరు అతికిస్తే ఒంపుల దగ్గర ముడతలు పడి లేచిపోయింది. గుండ్రటి ఒంటి మీద రాసేవాడే కావాలన్నారు.

"కండ్లు సరిగా లేనోడివి, ఆకాశంలో ఏం రాస్తావు?" అంది ఆయన భార్య గోవిందమ్మ అవ్వ.

"వంకర పోయిందనుకో, కుంచె వదిలేసి స్టిక్కర్లు ఒలుస్తా. సరేనా?"

"సరే. మాట మారిస్తే నీ కూడు నువ్వే వండుకో."

కాలేజీ తరఫున పని చూపించింది అచ్యుతరామయ్య. వైమానిక దళంలో మెకానిక్కుగా చేసి రిటైరైన గోదావరి మనిషి. పాత ఫొటో చూపిస్తూ, "ఈ మూడు రంగుల వలయానికి ఇటు రెండక్షరాలు ఉన్నాయి చూడండి, అవి ఏ స్క్వాడ్రనో చెబుతాయి. అటు ఉన్న ఒక్క అక్షరం, ఆ స్క్వాడ్రన్లో ఇది ఏ విమానమో చెబుతుంది. గాలిలో పక్కవాడు మనవాడేనా అని చూసుకోవడానికండీ," అన్నాడు.

"ఓ, ఊరి పేరు, బండి నంబరు మాదిరి," అన్నాడు తాత. అచ్యుతరామయ్య మొహం కాస్త వాడినా, అంతేనని ఒప్పుకున్నాడు. ఆదివారం ఆ స్క్వాడ్రన్ పాత పైలట్లు చూడటానికి వస్తున్నారట.

ఎక్కి నిలబడటానికి వెదుళ్లతో సారవ కట్టించుకొని తాత పైకెక్కాడు. మునుపైతే కన్ను చికిలించి, గాల్లో వేలితో ఒక గీత గీసి, కుంచె ముంచేవాడు. ఇప్పుడు కంటి మీద నమ్మకం లేదు. దారానికి ఇనప గుండు కట్టి వేలాడదీసి, ఆ దారం చెప్పినట్టే ప్రతి అక్షరం కాలూ నిలబెట్టాడు. మూడో అక్షరం ముగించి, కిందికి చూసి నవ్వాడు.

కింద అచ్యుతరామయ్య నవ్వలేదు. వెనక్కి నాలుగడుగులు వేసి, తల ఒక పక్కకి వంచాడు.

"మునిరాజు గారూ, ఏమీ అనుకోకండి. వంకరగా వచ్చాయండి."

తాత దిగొచ్చి చూశాడు. నిజమే. మూడక్షరాలూ తాగినవాళ్ల మాదిరి ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆయన గట్టు మీద చతికిలబడి, ఆపరేషన్ అయిన కంటిని అరచేత్తో మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. ఎట్లా చూసినా వంకరే.

అప్పుడే అవ్వ అన్నం క్యారియరుతో షేర్ ఆటో దిగింది. తిట్టడానికి నోరు తెరిచింది కానీ, ఆయన మొహం చూసి మూసుకుంది.

"ఏమైంది?"

"కన్ను పోయింది మే. చూడు, ఎట్లా రాసినానో."

అవ్వ చూసింది. చాలాసేపు చూసింది. "ఆ గుండు దారం ఇట్లా ఇయ్యి," అని తీసుకొని, చెయ్యి చాపి కళ్లముందు వేలాడదీసి, ఒక కన్ను మూసింది. దారాన్ని మొదటి అక్షరం కాలి మీదికి తెచ్చింది. తర్వాత రెండో దాని మీదికి. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టింది. పమిట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"యోవ్! నీ అక్షరాలు కొబ్బరిచెట్టు మాదిరి తిన్నగా నిలబడుండాయి. విమానమే ముక్కు పైకెత్తుకోని వంకరగా ఉండాది!"

తాత దారం లాక్కొని తానే చూశాడు. అవును. ఆ విమానాన్ని ఎగరబోతున్నట్టు వాలుగా నిలబెట్టారు. లారీలు ఏనాడూ ముక్కు పైకెత్తి నిలబడలేదు కాబట్టి, తాతకు ఆ ఆలోచనే రాలేదు. భూమికి తిన్నగా రాశాడు, వెంట్రుకవాసి తేడా లేకుండా రాశాడు.

"నేనైనా ముందు చెప్పాల్సిందండీ," అన్నాడు అచ్యుతరామయ్య. "దాని ఒంటి మీద రివెట్ల వరస ఉంది కదా, దాన్ని పట్టుకు రాయాలి."

"అంటే కన్ను బాగుంది?" అన్నాడు తాత.

"కన్ను బాగుంది," అంది అవ్వ. "బుర్రకే ఆపరేషన్ చేయించాల."

తాత అంత సంతోషంగా తిట్లు తినడం ఎవరూ చూసి ఉండరు. రంగు ఆరకముందే తుడిచేయాలని గుడ్డ, కిరసనాయిలు డబ్బా పట్టుకొని మళ్లీ ఎక్కాడు. అన్నం తిని పొమ్మని అవ్వ కేకేసినా వినలేదు. రాసేటప్పుడు కూడా రానంత హుషారు తుడిచేటప్పుడు వచ్చింది. ఈసారి దారం కిందనే వదిలేశాడు. కన్ను చికిలించి, వేలితో గాల్లో గీత గీసి, రివెట్ల వెంట మొదటి అక్షరం దించాడు.

చివరికి అవ్వే క్యారియరును తాడుకు కట్టి పైకి పంపింది. తాత సారవ పలక మీద కూర్చొని కాళ్లు వేలాడేసి, పెరుగన్నం కలుపుతూ సముద్రం వైపు చూశాడు. దూరంగా ఇసకలో ఒక పడవ పక్కకు ఒరిగి పడుంది.

"ఈడికి అంతా కనబడతా ఉంది మే," అని అరిచాడు. "ఆ పడవ మీద నంబరు ఎవడు రాసినాడో కానీ, వంకరగా రాసినాడు!"