కుర్చీ పట్టిన డిక్కీ

కార్తీక శుద్ధ దశమి, శనివారం.

స్టేషన్ ఘన్‌పూర్‌లో పెట్రోలు కార్లకు గ్యాస్ కిట్లు బిగించే మా మిస్త్రీ చనిపోయి నేటికి పదమూడు రోజులు. ఆ రోజు పొద్దున షటరు ఎత్తుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. దవాఖానకు చేరేలోపే పోయాడు. దినాలు నిన్నటితో ముగిశాయి. షాపు అమ్మేస్తారని బజారులో మాట పుట్టింది. ఆ మాట స్థిరపడక ముందే రాయాలని కాగితం తీసుకున్నాను.

నా భర్తకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి మూడుసార్లు జఫర్‌గఢ్ నుంచి వరంగల్‌కు డయాలిసిస్‌కు తీసుకుపోవాలి. బండి నేనే నడుపుతాను. ఒక్కసారి తప్పినా ఆయనకు ఊపిరి ఆడదు. పెట్రోలు మీద, పింఛనుతో, ఆ తిరుగుడు ఎంతో కాలం సాగేది కాదని మూడేళ్ల కింద తేలిపోయింది. అందుకే గ్యాస్ కిట్టు పెట్టించాలనుకున్నాం.

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఉత్త చేతులతో పోలేదు. నెల రోజులు ప్రతి ప్రయాణానికీ మీటరు చూసి రాసుకున్నాను. మా దారిలో ఎల్పీజీ బంకు లేదు గనుక సీఎన్జీ అని, మాటిమాటికీ వరుసలో నిలబడకుండా అన్నిటికన్నా పెద్ద సిలిండర్ అని నిర్ణయించుకున్నాను. పరాయివాళ్లు చూస్తారని బండి కడిగించి, డిక్కీలో సామానంతా ఇంట్లో దింపి, గుడ్డతో తుడిచి మరీ తీసుకుపోయాను.

మిస్త్రీ నా నోటుబుక్కు శ్రద్ధగా చదివాడు. డిక్కీ ఎత్తి చూసి వెంటనే మూసేశాడు.

"లెక్క మంచిగున్నది టీచరమ్మా. డిక్కే మంచిగ లేదు."

"ఏం? మరకున్నదా?"

"మరక లేదు, గదే పరేషాన్. గింత సాఫ్‌గున్న డిక్కీని నేను నమ్మ. రేపు వరంగల్‌కు ఎట్ల పోతరో గట్లనే రాండ్రి."

లోపలి నుంచి ఆయన భార్య నవ్వింది. "చుట్టాలొస్తరని ఇల్లు సర్దినట్టు సర్దుకొచ్చిండ్రు."

నాకు కోపం వచ్చింది. నా లెక్కను అంతకుముందు ఎవరూ వెనక్కి పంపలేదు.

అందరితోనూ ఆయన పద్ధతి అదేనని తర్వాత తెలిసింది. ఏ బండి అయినా రోజూ మోసే సామానుతోనే రావాలి. అదంతా షాపు ముందు తార్పాలిన్ మీద దింపించి చూశాకే ఏ సిలిండరో చెప్పేవాడు.

మరునాడు దారిలో ఆగాం. తార్పాలిన్ మీదికి చక్రాల కుర్చీ, దిండు, దుప్పటి, అన్నం డబ్బా దిగాయి. మిస్త్రీ పెద్ద సిలిండర్ తెచ్చి డిక్కీలో పెట్టి, కుర్చీ మడిచి ఎత్తాడు. పట్టలేదు. అడ్డం తిప్పాడు. డిక్కీ మూత పడలేదు.

"కుర్చీని ఎనుక సీట్ల పెడుతం" అన్నాను.

మిస్త్రీ కుర్చీ కింద పెట్టి, ముందు సీట్లో ఉన్న నా భర్త వైపు పోయి కిటికీ దగ్గర వంగాడు. "సారూ, వచ్చేటప్పుడు ఎట్ల వస్తరు?"

"ఎనుక సీట్ల పండుకొని వస్త నాయినా. కూసునే తాకత్ ఉండదు."

నా నోటుబుక్కులో పోయేటప్పుడు ఎన్ని కిలోమీటర్లో వచ్చేటప్పుడూ అన్నే. పడుకుని వచ్చే మనిషిని నేను ఎక్కడా రాయలేదు.

"దూరం రెండు దిక్కుల ఒక్కటే టీచరమ్మా. మనిషే ఒక్కతీరుగ ఉండడు" అన్నాడు మిస్త్రీ. "చిన్న సిలిండర్ పెడ్త. రానుపోను సరిపోతది, కుర్చీ పడుతది."

"మరి వారానికి మూడుసార్లు బంకుకు పోవాల్నా? గ్యాసు పోసేటప్పుడు బండిలకెంచి అందరు దిగాలె. ఈయనను ఎన్నిసార్లు దించాలె?"

"సారు మిషన్ మీద నాలుగు గంటలుంటరు గద. అప్పుడు మీరేం చేస్తరు?"

"బయట కూసుంట."

"కూసొని గోడలు చూసుడెందుకు? గ్యాసు పోయించుకొని రాండ్రి."

కారులో నా భర్త చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు. "ఈమెకు తప్పని గీత కొట్టినోణ్ణి ఇయ్యాలనే చూసిన నాయినా!"

కిట్టు బిగించిన రోజు మిస్త్రీ భార్య బ్రష్‌తో ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు పూసింది. గ్యాసు కారితే అక్కడ బుడగ లేస్తుంది. "బుడగ లేదని నేను చెప్తే గాదు. మీ కండ్లతోని చూసి మీరే చెప్పాలె" అని మిస్త్రీ నన్ను వంగి చూడమన్నాడు. నేను లేదన్నాకే తాళంచెవి ఇచ్చాడు. ఆర్సీలో గ్యాసు సంగతి ఎక్కిందా అని తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు. ఈ మూడేళ్లలో మాకు ఒక్క డయాలిసిస్ కూడా తప్పలేదు.

నిన్న ఆయన భార్యను అడిగాను. "షాపు అమ్ముతవా బిడ్డా?"

"కొనెటోళ్లొచ్చి పానాలు, రెంచీలు లెక్కవెట్టిపోయిండ్రు టీచరమ్మా. నాకు లీకు చూసుడొస్తది, ఫిల్టర్ మార్చుడొస్తది. కిట్టు బిగించుడు సగమే వచ్చు."

"మిగిలిన సగం?"

"నేర్చుకుంట. ఆడిదానికి నేర్పెటోళ్లు ఎవలు?"

"నేర్చుకునుడు నీ పని. నేర్పెటోళ్లను దేవులాడుడు నాది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే సోమారం షటరు ఎత్తుత."

ఇక జరగవలసినవి:

1. సోమవారం ఆమె శిక్షణ దరఖాస్తు నేను నింపాలి, సంతకం ఆమె చేయాలి. శిక్షణ కాగితం చేతికి వచ్చేదాకా కొత్త కిట్లు బిగించకూడదు. ఈ షరతు నాది, ఆమె ఒప్పుకుంది.

2. ఆయన చేత కిట్లు పెట్టించుకున్నవారు లీకు పరీక్షకూ ఫిల్టర్లకూ ఆమె దగ్గరికే పోవాలి. డిక్కీ సర్దుకోకుండా పోవాలి.

3. వచ్చే నెల మా సిలిండర్ మూడేళ్లకోసారి చేయించే పరీక్షకు వరంగల్ పోవాలి. అది తిరిగి వచ్చేదాకా పెట్రోలు ట్యాంకు సగానికి తగ్గకూడదు. డయాలిసిస్ తప్పకూడదు.

4. సిలిండర్ వచ్చాక ఆ షాపు ముందే బండి ఆపాలి. ఆమె సబ్బునీళ్లు పూయాలి. నేను కళ్లద్దాలు తుడుచుకుని చూడాలి, తార్పాలిన్ మీద కుర్చీలో కూర్చుని నా భర్త కూడా చూడాలి. ఒక్క బుడగా లేవకుండా ఆ తడి మెల్లగా ఆరిపోయేదాకా ముగ్గురిలో ఎవరూ మాట్లాడకూడదు.