మావయ్య తేర్చిన నీళ్ళు

మావయ్య పోయారని చిన్న మావయ్య ఫోన్ చేసేసరికి నేను అమలాపురంలో, మా స్కూలు స్టాఫ్ రూములో, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నాను. "అన్నయ్య ప్రభువునందు నిద్రించేరమ్మా," అన్నారు. నేను చేసిన మొదటి పని ఏమిటో చెబితే నవ్వుతారేమో. గ్లాసును కిటికీ వెలుతురుకెత్తి చూశాను. ఏడుపు తర్వాత వచ్చింది. నీళ్ళను వెలుతురులో చూడకుండా తాగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేకుండా చేశారు మావయ్య.

ఆయన మా అమ్మకు పెద్దన్నయ్య. ఉద్యోగమంతా వేరే రాష్ట్రంలో, ఒక రాగి గనిలో చేశారు. గని తవ్వే కొద్దీ లోపల ఊరే నీళ్ళు పులుపెక్కి, ఇనుమును కరిగించుకుని, ఇటుక రంగులో పైకి వస్తాయట. అలాగే ఏట్లో వదిలితే చేప బతకదు. ఆ నీళ్ళలో సున్నం కలిపి, వరసగా తవ్విన గుంటల్లో నిలవబెట్టి, మడ్డి అడుక్కి దిగాక పైతేటను మాత్రం ఏట్లోకి వదలడం ఆయన పని. చదువుకున్నది కెమిస్ట్రీ. కానీ ఎవరైనా ఉద్యోగం గురించి అడిగితే, "మా అమ్మ కుండలో చేసిన పనేనండి. నేను గుంటలో చేసేను, జీతం పుచ్చుకుని," అనేవారు.

అది ఉత్తి చమత్కారం కాదు. గోదావరికి కొత్తనీరు వచ్చినప్పుడు మా కాలువలో ఎర్రటి నీళ్ళు పారేవి. అమ్మమ్మ కుండ లోపలి వైపు ఇండుపగింజ అరగదీసి, నీళ్ళు పోసి, మూతపెట్టి, ఆ చుట్టుపక్కలకు ఎవరినీ రానిచ్చేది కాదు. తెల్లారేసరికి నీళ్ళు తేరుకునేవి. ఆ కుండను దూరంగా కూర్చుని చూసిన పిల్లవాడే పెద్దయి గని నీళ్ళు తేర్చాడు.

మావయ్య చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న డబ్బా ఉండేది. అందులో పులుపు తగిలితే రంగు మారే కాగితాలు. పెళ్ళి భోజనాల్లో చారులో ఒక కాగితం ముంచి, "మా గని నీళ్ళే నయవర్రా," అని పిల్లల్ని నవ్వించేవారు. వంటవాళ్ళకు ఒళ్ళు మండేది. అత్తయ్య విస్తరిలోంచి తలెత్తేది కాదు. ఎక్కడ నీళ్ళు కనబడినా వేలికొసతో ఒక చుక్క నాలిక మీద వేసుకుని పక్కకు ఉమ్మేవారు. "విషవైతేనో మావయ్యా?" అని నేనొకసారి భయపడి అడిగాను. "అందుకేగా ఉమ్మేసేను," అన్నారు.

నా నిశ్చితార్థం చెడిపోయిన రోజుల్లో ఇల్లంతా నా చుట్టూ మూగింది. తలో సలహా. మావయ్య సెలవు పెట్టుకుని అంత దూరం నుంచి వచ్చి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చిన వాళ్ళందరితో ఒకే మాట అన్నారు. "దాన్ని కదపకండి. తేరుకోనివ్వండి." నాతో మాత్రం దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కుర్చీకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రిటైరయ్యాక రాజోలు దగ్గర మా ఊరు వచ్చేశారు. అమ్మమ్మ తోట కోసమే వచ్చారు. అమ్మమ్మ బతుకంతా పరాయి చేలల్లో వరి ఊడ్చింది, కోసింది. ఆ కూలితోనే, మా వాళ్ళలో ఎవరికీ అంతకు ముందు లేని సొంత నేల కొంది. కొబ్బరి వేసింది. ప్రతి గోతిలోనూ తన చేత్తో గుప్పెడు ఉప్పు వేసి మరీ మొక్క పాతింది. కొబ్బరికి ఉప్పు మేలని కోనసీమలో పుట్టిన వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోతిలో వేస్తాం, పెరిగాక చెట్టు మొదట్లోనూ వేస్తాం. ఆ అలవాటే మమ్మల్ని ముంచింది.

తోటకు ఆనుకున్న చేలో గ్యాసు కోసం బావి వేశారు. ఎవరు వేశారంటే ఏం చెప్పను? బోర్డు మీద ఒక పేరు, పని చేసేది ఇంకొకరు, అడిగితే జవాబు చెప్పాల్సింది మూడో వారు. గ్యాసుతో పాటు భూమి అడుగు నుంచి నీళ్ళూ వస్తాయి. నల్లగా, నూనె తెట్టు కట్టి వచ్చిన ఆ నీళ్ళను ఒక గుంటలో పోశారు. వానలకు గుంట పొర్లి మా తోట బోదె కాలువలోకి దిగింది. బోదెలో ఈదిన బాతులు చచ్చిపోయాయి.

ఊరంతా తిట్టుకుంటుంటే మావయ్య ముఖంలో మాత్రం వెలుగు వచ్చింది. నిజం నిజంగానే చెప్పాలి కదా, ఆయనకు సంతోషం కలిగింది. తనకు చేతనైన పని తన ఊరికే నడిచి వచ్చింది. సైటు ఇన్‌ఛార్జి దగ్గరకు వెళ్ళి, "ఏవండీ, ఈ నీళ్ళు నాకొదిలెయ్యండి. జీవితవంతా ఇదే పని చేసేనండి," అన్నారు. ఊరికే చేసిపెడతానంటే ఆయన మాత్రం ఎందుకు కాదంటాడు! మావయ్య సున్నం తెప్పించారు, పటిక తెప్పించారు. సైటులోనే వరసగా గుంటలు తవ్వించారు. వరిగడ్డితో లావుపాటి తాడు పేని, దాన్ని నీళ్ళ మీద లాగి నూనె తెట్టు తీయించారు. కొన్నాళ్ళకు ఆఖరి గుంటలో నీళ్ళు ఎలా అయ్యాయంటే, అడుగున పడ్డ కొబ్బరి పిందె పైకి కనిపించేది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆదివారం పాస్టరు గారు ఆయన పేరు పెట్టి దేవునికి స్తోత్రం చెప్పారు.

ఆ గుంట గట్టు మీదే మావయ్య ఒక చుక్క నాలిక మీద వేసుకున్నారు. ఈసారి ఉమ్మడానికి చాలాసేపు పట్టింది. "నూనె పోయింది, మడ్డి పోయింది. ఉప్పు పోలేదు. ఉప్పు నా సున్నానికి లొంగదండి. ఈ నీళ్ళు తోటలకి పెట్టకండి. వచ్చిన చోటికే, భూవి అడుక్కే తిరిగి పంపాలి. కంపెనీ వాళ్ళకి చెబుతాను," అన్నారు. అందరూ "ఆయ్" అన్నారు. మా వైపు ఆయ్ అంటే విన్నామని అర్థం. చేస్తామని కాదు.

ఆ వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేశారు. ఎండలు ముదిరాయి. అత్తయ్యకు ఆపరేషనని మావయ్య కాకినాడ ఆసుపత్రిలో ఉండిపోయారు. చిన్న మావయ్య వాడిపోతున్న చెట్లను చూశారు, పక్కనే అద్దంలా ఉన్న నీళ్ళను చూశారు. గట్టు కోసి తోటకు పెట్టేశారు. ఆయన్ని చూసి పక్క తోటల వాళ్ళూ పెట్టుకున్నారు. మావయ్య తిరిగి వచ్చేసరికి గుంటలు ఖాళీ. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఎంత పని చేసేవురా!"

"అదేంటన్నయ్యా, నువ్వేగా శుభ్రం చేసేవు? ఇంక ఉన్నది ఉప్పేనన్నావు. కొబ్బరికి ఉప్పు మనవే వేస్తాం కదా!"

"అమ్మ వేసింది గుప్పెడురా. నువ్వు పెట్టింది సముద్రం."

చిన్న మావయ్య అమాయకంగా నిలబడిపోయారు. ఆయన్ని ఏమనగలం? మావయ్య వెళ్ళి తోట గట్టు మీద కూలబడ్డారు. అక్కణ్ణుంచే నాతో అన్నారు. "నల్లగా వదిలేసుంటే ఎవరూ ముట్టుకునేవారు కాదమ్మా. నేనే తేర్చేను."

ముందు పిందెలు రాలాయి. తర్వాత ఆకుల కొసలు మాడాయి. కాయల దింపుకు వచ్చినాయన చెట్టెక్కి, ఉత్త చేతులతో దిగి, "పైనేం లేదండి," అని మావయ్య ముఖం చూడలేక కత్తి తుడుచుకున్నాడు. మొవ్వులు వాలిపోయాయి. కాలువకు నీళ్ళు వదిలాక మావయ్య తోటను నీళ్ళతో కడిగారు, జిప్సం చల్లారు, మళ్ళీ కడిగారు. కడిగిన ఉప్పు కిందికి దిగి మంచినీళ్ళ బావిలో చేరింది. ఎండాకాలం రాగానే మళ్ళీ పైకి వచ్చి నేలంతా తెల్లగా పూసింది. అధికారులు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుని వెళ్ళారు. కంపెనీ వాళ్ళు గ్యాసు బావికి మూత బిగించి, గుంటల్లో మన్ను పోసి, బోర్డు పీక్కుని వెళ్ళిపోయారు. అమ్మమ్మ తోటలో ఇప్పుడు మొండేలున్నాయి. తల ఉన్న చెట్టు లేదు.

అప్పటి నుంచి మావయ్య గ్లాసును వెలుతురుకెత్తడం మానేశారు. ఏమిస్తే అది తాగేవారు. అది చూసి అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది. కిందటి క్రిస్మస్‌కు నేను వెళ్ళినప్పుడు ఆ కాగితాల డబ్బా నా చేతిలో పెట్టారు. "నీ స్కూలు పిల్లలకి చూపించు. ఉప్పుని మాత్రం ఇది పట్టదని చెప్పు," అన్నారు. ఆయన మనసును కదపకుండా ఉంటే తేరుకుంటారని నేననుకున్నాను. తేరుకోలేదు.

ఇలాంటి నివాళి వ్యాసాల చివర, ఆయన పోయినా ఆయన చేసిన పని మిగిలి ఉందని రాయడం మర్యాద. నాకు చెయ్యి రావడం లేదు. ఆయన చేసిన పని మిగిలే ఉంది. దాని మీద తెల్లగా ఉప్పు పూసి ఉంది.

భూస్థాపన మా చర్చి వెనక సమాధుల దొడ్లో జరిగింది. ఆ దొడ్డికీ తోటకీ మధ్య ఒక్క గట్టే అడ్డం. మాది పల్లపు నేల. నడుం లోతు తవ్వితే చాలు, గోతిలో నీరు ఊరుతుంది. పెట్టె దించేదాకా మనుషులు తోడుతూనే ఉంటారు. ఆ రోజూ తోడారు. ప్రార్థన మొదలవగానే, తోడిన బురదనీళ్ళ బక్కెట్టు నా కాళ్ళ దగ్గర పెట్టి పక్కకు తప్పుకున్నారు. పాస్టరు గారి ప్రార్థన పెద్దది. అది ముగిసేసరికి మట్టి అడుక్కి దిగి, బక్కెట్టులో నీళ్ళు తేటపడ్డాయి. నేను వంగి, వేలికొసతో ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను.

తలెత్తితే చిన్న మావయ్య నన్నే చూస్తున్నారు.

"ఎలా ఉన్నాయమ్మా?" అన్నారు.

నోట్లో ఉప్పు. అక్కడ ఉమ్మలేను. మింగేశాను.

"మంచినీళ్ళే మావయ్యా," అన్నాను.

"ఆయ్," అన్నారాయన. తాళ్ళు వదిలారు. పెట్టె దిగింది. దాని చుట్టూ అప్పుడే కొత్త నీరు ఊరుతోంది, తేటగా.